సన్న తీగలే, కానీ ఎంత సన్నవి? ఎలక్ట్రిక్ గిటార్‌కు 8, 9, 10 సెట్లలో ఏది మీకు

బరంపురంలో గిటార్ వాయించేవాళ్ళు ఇద్దరు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా తీగల దగ్గరకే వస్తుంది. "నైన్ వేశావా, టెన్ వేశావా?" (ఇవి తీగ మందం అంకెలు, దాన్నే గేజ్ అంటారు.) నైన్ అన్నవాణ్ణి టెన్‌వాడు కాస్త చిన్నచూపు చూస్తాడు. టెన్‌వాడి వేళ్ళు చూసి నైన్‌వాడు జాలిపడతాడు. ఈ వాదన మధ్య, కొత్తగా ఎలక్ట్రిక్ కొన్న కుర్రాడు దుకాణంలో రంగురంగుల పాకెట్లు చూసి తికమకపడి, ఏది చౌకైతే అది పట్టుకుని ఇంటికి పోతాడు.

పైగా ఈ సరిహద్దు జిల్లాల్లో మన గిటారిస్టుకు ఒకే రకం పాటలతో సరిపోదు. ఒకే రాత్రి ఒకే స్టేజీ మీద ఒడియా మెలొడీ, తెలుగు మాస్ పాట, పాత హిందీ పాట, జనం అడిగితే సంబల్‌పురి. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో చర్చిలో వాయించేవారికి ఆదివారం ఆరాధన అంతా కార్డ్సే. కాలేజీ హాస్టళ్ళలో మెటల్ పిచ్చి వేరు. కాబట్టి అమెరికాలో ఎవరో బ్లూస్ వాయిస్తూ చెప్పిన సలహా మనకు ఉన్నది ఉన్నట్టు అతకదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామంది ఎడమచేతి వేళ్ళ నొప్పిని బట్టి గేజ్ ఎంచుకుంటారు. నిజానికి ఎంచుకోవాల్సింది కుడిచెయ్యి ఎంత బరువుగా పడుతుందో, ఏ శ్రుతిలో ఎక్కువగా వాయిస్తారో చూసి. వేళ్ళ నొప్పికి మందు చాలాసార్లు తీగల్లో ఉండదు, గిటార్ సెటప్‌లో, అంటే తీగల ఎత్తు, మెడ, బ్రిడ్జి సరిచేసే తీరులో, ఉంటుంది. ఆ సంగతి కింద విడిగా చెబుతాను.

## ముందు పాకెట్ చదవడం

గేజ్ అంటే తీగ మందం. అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. 9 అంటే 0.009 అంగుళం, సుమారు 0.23 మిల్లీమీటర్లు. 10 అంటే 0.25 మిల్లీమీటర్లు. పాకెట్ మీద 9-42 అని ఉంటే మొదటి తీగ 9, ఆరో తీగ 42 అన్నమాట. తేడా కంటికి ఆనదు, చేతికి మాత్రం వెంటనే తెలుస్తుంది.

అంకెలే చూడండి, పేర్లను నమ్మకండి. తీగల కంపెనీల్లో ఎర్నీ బాల్ వాళ్ళు 9-42ను సూపర్ స్లింకీ అంటారు, 10-46ను రెగ్యులర్ స్లింకీ అంటారు. డాడారియో వాళ్ళకు 9-42 సూపర్ లైట్, 10-46 రెగ్యులర్ లైట్. ఇంతవరకూ ఫర్వాలేదు. అసలు చిక్కు అకూస్టిక్ పాకెట్లతో వస్తుంది. వాటి మీద 'లైట్' అని ఉంటే మొదటి తీగ మామూలుగా 12, 'ఎక్స్‌ట్రా లైట్' అంటే 10. చిన్న ఊళ్ళో కౌంటర్ దగ్గర "అన్నా, లైట్ సెట్ ఒకటి" అని అడిగితే ఈ పాకెట్ చేతికొచ్చే అవకాశం బాగా ఉంది.

అకూస్టిక్ సెట్‌ను ఎలక్ట్రిక్‌కు వేస్తే మందం ఒక్కటే ఇబ్బంది కాదు. వాటి లావు తీగలకు కంచు చుట్టి ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటార్ పికప్ (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) పనిచేసేది అయస్కాంతంతో, కంచును అది పట్టించుకోదు. లోపలున్న ఉక్కు తీగ మాత్రమే పలుకుతుంది. దాంతో లావు తీగలు నీరసంగా, సాదా ఉక్కు తీగలు రెండూ చెవిలో గుచ్చుకునేలా వస్తాయి. పికప్ పాడైందని గిటార్ రిపేరుకు ఇచ్చేముందు పాకెట్ మీద 'నికెల్' అని ఉందో 'బ్రాంజ్' అని ఉందో ఒకసారి చూసుకోండి.

ఇంకొక మాట. టెన్ సెట్‌ను 'అసలు సిసలు గేజ్' అనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. 1950ల్లో దొరికే సెట్లలో మూడో తీగ కూడా చుట్టు తీగే, బెండ్ చేయాలంటే (తీగను పక్కకు లాగి స్వరం పెంచాలంటే) చుక్కలు కనిపించేవి. అప్పటి రాక్ గిటారిస్టులు మొదటి తీగ స్థానంలో బాంజో తీగ వేసుకుని మిగిలినవి ఒక్కో స్థానం కిందికి జరుపుకునేవారు. ఆ బాధ చూసి ఎర్నీ బాల్ 1962లో స్లింకీ సెట్లు తెచ్చాడు. అంటే టెన్ కూడా ఒకప్పుడు సన్న తీగల సెట్టే.

## ఏం చూసి ఎంచుకోవాలి

గిటార్ స్కేలు. అంటే మోగే తీగ పొడవు. నట్ (మెడ చివర తీగలు కూర్చునే గాడుల పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ (మెడ మీది లోహపు కమ్మీ) దాకా కొలిచి రెండింతలు చేయండి. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటొకాస్టర్) రకం గిటార్లు, మన దగ్గర ఎక్కువగా కనిపించే యమహా పసిఫికా, ఐబానెజ్, స్క్వయర్ స్ట్రాట్‌లు 25.5 అంగుళాలు. లెస్ పాల్ (గిబ్సన్ మోడల్) రకం 24.75. ఒకే తీగ, ఒకే శ్రుతి అయినా, పొట్టి స్కేలు మీద టెన్షన్ (తీగ బిగువు) దాదాపు 6 శాతం తక్కువ. అందుకే లెస్ పాల్ మీద టెన్ హాయిగా ఉందని మీ స్నేహితుడు చెప్పిన మాట మీ స్ట్రాట్‌కు వర్తించదు.

శ్రుతి. మన దగ్గర గేజ్‌ను అన్నిటికన్నా ఎక్కువ తేల్చేది ఇదే. గాయకుడి గొంతు బట్టి అర మెట్టు (ఒక ఫ్రెట్ అంత) దించి వాయించే ట్రూపులు చాలా ఉన్నాయి. అర మెట్టు దించితే టెన్షన్ సుమారు 11 శాతం తగ్గుతుంది. ఒక పూర్తి మెట్టు దించితే సుమారు 20 శాతం. లెక్క కడితే, ఒక మెట్టు దించిన టెన్ సెట్ చేతికి ఇంచుమించు మామూలు శ్రుతిలోని నైన్ సెట్‌లా ఉంటుంది. నైన్ సెట్‌నే ఒక మెట్టు దించితే మాత్రం తీగలు వదులై, గట్టిగా కొట్టినప్పుడల్లా స్వరం ముందు పైకి లేచి తర్వాత కిందికి దిగుతుంది. కీబోర్డు వాయించేవాడు మీ వైపు తిరిగి చూసేది అప్పుడే.

కుడిచెయ్యి. పిక్ గట్టిగా పడితే సన్న తీగ ఎక్కువ ఊగుతుంది. ఫ్రెట్లకు తగిలి జరజరమంటుంది, శ్రుతి కదులుతుంది. పిక్ తేలిగ్గా పడేవారికి సన్న తీగ చక్కగా, వెంటనే పలుకుతుంది. అకూస్టిక్ మీద ఏళ్ళ తరబడి కార్డ్స్ కొట్టి ఎలక్ట్రిక్‌కు వచ్చినవారి చెయ్యి మామూలుగా బరువుగానే ఉంటుంది. చర్చి గిటారిస్టుల్లో నేను ఎక్కువ చూసింది ఇదే.

బెండ్లు, గమకాలు. ఇక్కడ ఒక అపోహ ఉంది. సన్న తీగను తక్కువ దూరం లాగితే చాలనుకుంటారు. కాదు. ఒకే గిటార్ మీద, ఒకే శ్రుతిలో ఉన్న సాదా ఉక్కు తీగలు 8 అయినా 10 అయినా, ఒక స్వరం పైకి పోవడానికి లాగాల్సిన దూరం ఇంచుమించు ఒకటే. తగ్గేది బలం. బలం మందానికి వర్గంలో మారుతుంది కాబట్టి టెన్‌తో పోలిస్తే నైన్‌కు సుమారు అయిదో వంతు తక్కువ బలం చాలు, ఎయిట్‌కు మూడో వంతుకు పైగా తక్కువ. అంటే పాత బెండ్ల కొలత వేళ్ళకు గుర్తున్నా, బలం పాతదే వాడితే స్వరం దాటి పోతారు. టెన్ నుంచి నైన్‌కు మారినవాళ్ళ బెండ్లు మొదట్లో అన్నీ షార్ప్‌గా (శ్రుతి కంటే పైకి) పోయేది ఇందుకే.

బ్యాండ్‌లో ఇంకెవరున్నారు. బేస్ గిటార్, ఆక్టోప్యాడ్, కీబోర్డు ఉన్న మెలొడీ స్టేజీలో కింది స్వరాల బరువు మీరు మోయనక్కర్లేదు. ఒక్క గిటార్‌తో పాట నడిపించాలంటే కింది మూడు తీగల్లో కాస్త ఒళ్ళు ఉండాలి.

టోన్ సంగతి ఇందులో ఎక్కడా రాలేదేమని అడగొచ్చు. లావు తీగ పికప్‌కు కాస్త ఎక్కువ సిగ్నల్ ఇస్తుంది, కింది స్వరాలు నిండుగా ఉంటాయి, నిజమే. కానీ మన పందిళ్ళలో మల్టీ ఎఫెక్ట్ పెడల్ నుంచి నేరుగా మిక్సర్‌కు పోయే శబ్దంలో ఆ తేడాను గుర్తుపట్టే వాళ్ళు తక్కువ. జెడ్‌జెడ్ టాప్ గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్ వాడేది 7తో మొదలయ్యే సెట్, ఆయన శబ్దం పలచగా ఉందని ఎవరూ అనలేదు. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13 వేసేవాడు, అదీ అర మెట్టు దించి. ఇద్దరి శబ్దమూ బరువైనదే. ఆ బరువు తీగ మందం నుంచి మాత్రమే రాలేదు.

## సెట్లు పక్కపక్కన

కింది టెన్షన్ లెక్కలు 25.5 అంగుళాల స్కేలు మీద, మామూలు శ్రుతిలో, ఆరు తీగలూ కలిపి మెడను లాగే బరువు. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

| సెట్ | తీగలు (1 నుంచి 6) | మొత్తం లాగుడు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|
| 8-38 | 8, 11, 14, 22, 30, 38 | సుమారు 32 కిలోలు | తేలిక చెయ్యి, గమకాలు, వేళ్ళ కీళ్ళ బాధ |
| 9-42 | 9, 11, 16, 24, 32, 42 | సుమారు 38 కిలోలు | 25.5 స్కేలు, మామూలు శ్రుతి, లీడ్ (సోలోలు) |
| 9.5-44 | 9.5, 12, 16, 24, 34, 44 | సుమారు 42 కిలోలు | నైన్‌కు టెన్‌కు మధ్య ఊగేవారు |
| 9-46 | 9, 11, 16, 26, 36, 46 | సుమారు 43 కిలోలు | కార్డ్స్, లీడ్ రెండూ ఒకే గిటార్ మీద |
| 10-46 | 10, 13, 17, 26, 36, 46 | సుమారు 47 కిలోలు | బరువైన చెయ్యి, దించిన శ్రుతి, పొట్టి స్కేలు |

### 9-42

స్ట్రాట్ రకం గిటార్లు చాలావరకు కంపెనీ నుంచే దీనితో వస్తాయి. నట్, స్ప్రింగులు, ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) అన్నీ దీనికే సరిచేసి ఉంటాయి కాబట్టి ఏమీ ముట్టుకోకుండా అదే సెట్ మళ్ళీ వేస్తే సరిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇదొక్క కారణమే చాలు. మన వైపు సెటప్ బాగా తెలిసిన మనిషి దొరకడమే కష్టం, దొరికినవాడు బరంపురంలోనో విశాఖలోనో ఉంటాడు.

లీడ్ వాయించేవాళ్ళకు ఇందులో సుఖం తెలుస్తుంది. క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే, లెడ్ జెపెలిన్ జిమ్మీ పేజ్ లాంటివాళ్ళ చేతుల్లో ఉన్నది ఈ మందమే. పిల్లల తీగలని తీసిపారేసేవాళ్ళకు ఈ రెండు పేర్లు చెప్పండి.

లోపం ఏమిటంటే రెండో తీగ. ఈ సెట్లో 11 తీగ మీద లాగుడు పక్కనున్న 9, 16 తీగల కంటే తక్కువ. మొదటి తీగ మీద బెండ్ చేసి, అదే ఊపులో రెండో తీగకు వస్తే అది కాస్త జారిపోయినట్టు అనిపిస్తుంది. అలవాటైతే తెలియదు. తెలిసి చికాకు పెడితే విడిగా 12 తీగ ఒకటి కొని 11 స్థానంలో వేసుకోవచ్చు. రెండో లోపం ఆరో తీగ. చెయ్యి బరువైతే 42 తీగ పవర్ కార్డ్‌లో (రెండు మూడు స్వరాల బరువైన కార్డ్) ఊగిసలాడుతుంది.

### 10-46

దీన్ని 'మగవాళ్ళ సెట్' అన్నట్టు మాట్లాడేవాళ్ళు ఉన్నారు. ఆ మాట వదిలేద్దాం. దీని అసలు బలం స్థిరత్వం. కార్డ్ గట్టిగా పట్టినా, గట్టిగా కొట్టినా స్వరం తన చోటే ఉంటుంది. ముఖ్యంగా ఆరాధనలో ఆపకుండా రిథమ్ వాయించేవారికి ఇది పెద్ద సంగతి. పాట పొడుగునా చేతి బిగువు పెరుగుతూ పోతుంది, సన్న తీగ మీద ఆ బిగువు నేరుగా శ్రుతిలో వినిపిస్తుంది.

అర మెట్టు దించి వాయించే ట్రూపులైతే ఆలోచించాల్సిన పనే లేదు, టెన్ వేయండి. 24.75 స్కేలు గిటార్ ఉన్నా అంతే. లెస్ పాల్ రకం మీద నైన్ వేస్తే కొందరికి తీగలు పాకంలా సాగినట్టు ఉంటాయి.

ఎవరు వేయకూడదు? 25.5 స్కేలు మీద, మామూలు శ్రుతిలో, సోలోల్లో ఒకటిన్నర మెట్టు బెండ్లు లాగాలనుకునే కొత్తవాళ్ళు. లాగలేరని కాదు. ఏళ్ళు వాయించినవాళ్ళు లాగుతారు. కానీ కొత్తలో స్వరం అందక, సగంలో ఆగిపోయి, బెండ్ ఎప్పుడూ ఫ్లాట్‌గా (శ్రుతి కంటే కిందికి) ఉండడమే చెవికి అలవాటైపోతుంది. ఆ అలవాటు పోగొట్టడం చాలా కష్టం.

### 9-46

నన్నడిగితే ఈ ప్రాంతంలో ఇంకా ఎక్కువమంది వాడాల్సిన సెట్ ఇది. పై మూడు తీగలు నైన్ సెట్‌వి, కింది మూడు టెన్ సెట్‌వి. ఎర్నీ బాల్ దీన్ని హైబ్రిడ్ స్లింకీ అంటుంది. ఒకే గిటార్‌తో మొదటి చరణం కార్డ్స్, మధ్యలో చిన్న సోలో, చివర మళ్ళీ పవర్ కార్డ్స్ వాయించాల్సిన మెలొడీ గిటారిస్టుకు రెండు గిటార్లు మోయనక్కర్లేకుండా పని జరుగుతుంది. మెటల్ కుర్రాళ్ళు ఆరో తీగ ఒక్కదాన్నే మెట్టు దించి డ్రాప్ డీ పెట్టుకుంటే కూడా 46 తీగ నిలబడుతుంది, 42 తీగ నిలబడదు.

ఇబ్బంది: మూడో తీగ నుంచి నాలుగో తీగకు మారేటప్పుడు బిగువు ఒక్కసారిగా మారుతుంది. కార్డ్స్‌ను వేళ్ళతో విడివిడిగా మీటే వాళ్ళకు అది తెలుస్తుంది, పిక్‌తో వాయించేవాళ్ళు చాలామంది గమనించరు. ఇంకో ఇబ్బంది, చిన్న ఊళ్ళలో దుకాణాల్లో నైన్, టెన్ దొరికినంత తేలిగ్గా ఇది దొరకదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

### 9.5-44

మంచి సెట్టే. నైన్ మరీ వదులు, టెన్ మరీ బిగువు అని నిజంగా తెలిసినవారికే. అది తెలియాలంటే రెండూ కొన్నాళ్ళు వాడి ఉండాలి. కొత్తవాళ్ళు దీని జోలికి పోనక్కర్లేదు.

### 8-38

ఈ సెట్ అంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. కానీ కొందరికి ఇదే సరైనది. మన తెలుగువాళ్ళలో ఎలక్ట్రిక్ గిటార్ మీద కీర్తనలు, రాగాలాపన ప్రయత్నించేవాళ్ళు ఉన్నారు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించి, ఫ్రెట్లున్న వాయిద్యంతో కర్ణాటక సంగీతం కుదరదన్న మాటను పక్కకు నెట్టేశాడు. గిటార్ మీద ఆ దారిలో పోవాలనుకునేవారికి, తీగను పక్కకు లాగి ఒకే ఫ్రెట్ మీద రెండు మూడు స్వరాలు పలికించాలంటే, 8 తీగ వేలి మాట వింటుంది. ఆంప్ శుభ్రంగా ఉంచి, చెయ్యి తేలిగ్గా పెట్టాలి.

రెండోది, వేళ్ళకు ఇబ్బంది ఉన్నవారు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం కాబట్టి ఆయనకు తీగలు నొక్కే చెయ్యే అది. అంత సన్న సెట్లు అప్పట్లో దొరక్క బాంజో తీగలు వేసుకుని, తర్వాత శ్రుతి కూడా దించుకుని వాయించాడు. హెవీ మెటల్ శబ్దం పుట్టింది అక్కడ. రోజంతా మగ్గం మీదో మెషిన్ మీదో పనిచేసి రాత్రి గిటార్ పట్టుకునేవారు, కీళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు 8 సెట్ వేసుకోవడానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

బరువైన చెయ్యి, గట్టి స్ట్రమ్మింగ్ అయితే మాత్రం ఇది వద్దే వద్దు. కార్డ్ పట్టే బిగువుకే శ్రుతి పోతుంది.

## నొప్పని తీగలు మార్చేముందు

"టెన్ వేస్తే వేళ్ళు కోసుకుపోతున్నాయి, నైన్ వేయనా?" అని అడిగేవాళ్ళ గిటార్ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చవక గిటార్లలో చాలాసార్లు నట్ గాడులు లోతు తక్కువగా కోసి ఉంటాయి. మొదటి ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తుగా నిలబడుతుంది. ఎఫ్ కార్డ్ పట్టినప్పుడే ప్రాణం పోతుంటే, పైన అయిదో ఫ్రెట్ దగ్గర అదే బారె కార్డ్ (ఒక వేలితో అన్ని తీగలూ నొక్కే కార్డ్) హాయిగా ఉంటే, తప్పు తీగది కాదు, నట్‌ది.

ఇలా చూడండి. తీగను మూడో ఫ్రెట్ దగ్గర, అంటే రెండో మూడో ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద తీగకు ఫ్రెట్‌కు మధ్య ఎంత సందుందో చూడండి. వేలితో మెల్లగా తడితే చిన్న టిక్ శబ్దం రావాలి, అంతే. సన్నటి కాగితం పట్టేంత సందు చాలు. ఏటీఎం కార్డు దూరేంత సందుంటే ఆ గాడి లోతు చేయించాలి. దానికి గేజ్ ప్రకారం సన్నటి ఆకురాళ్ళు ఉంటాయి, ఇంట్లో హాక్సా బ్లేడుతో మొదలుపెట్టకండి. ఎక్కువ కోస్తే ఓపెన్ తీగ జరజరమంటుంది, నట్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

ఇది సరిచేయించిన తర్వాత టెన్ కూడా చేతికి వేరే గిటార్‌లా ఉంటుంది. అప్పటికీ నొప్పి ఉంటే నైన్‌కు రండి.

## గేజ్ మారిస్తే గిటార్‌లో ఏం మారుతుంది

టెన్ తీసి నైన్ వేస్తే మెడ మీద సుమారు ఎనిమిది, తొమ్మిది కిలోల లాగుడు తగ్గుతుంది. మెడ కొంచెం వెనక్కి నిటారుగా వెళ్తుంది, తీగలు ఫ్రెట్లకు దగ్గరై కింది ఫ్రెట్లలో బజ్ వస్తుంది. ట్రస్ రాడ్‌ను పావు చుట్టు వదులు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. నైన్ నుంచి టెన్‌కు పోతే దీనికి సరిగ్గా తలకిందులు: మెడ ముందుకు వంగుతుంది, తీగలు ఎత్తవుతాయి, రాడ్ బిగించాలి. ఒకేసారి ఎక్కువ తిప్పకండి, పావు చుట్టు తిప్పి, శ్రుతి చేసి, కాసేపు వదిలి చూడండి.

నట్ గాడుల విషయంలో సన్న తీగ లావు గాడిలో మామూలుగా ఇమిడిపోతుంది. లావు తీగ సన్న గాడిలో ఇరుక్కుంటుంది. శ్రుతి చేస్తుంటే 'టింగ్' మని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారిగా దూకితే ఇరుక్కుందని అర్థం. గాడిలో కాస్త పెన్సిల్ పొడి రుద్దితే తాత్కాలికంగా నడుస్తుంది.

ట్రెమొలో బ్రిడ్జి (చేతితో ఊపి శ్రుతి కదిలించేది) ఉన్న గిటార్‌కు పని ఇంకా ఉంది. వెనక మూత తీస్తే స్ప్రింగులు కనిపిస్తాయి. తీగలు లావైతే బ్రిడ్జి ముందుకు లేస్తుంది, సన్నవైతే వెనక్కి పడుకుంటుంది. స్ప్రింగులు పట్టుకున్న క్లా స్క్రూలను సమంగా తిప్పి సరిచేయాలి. స్టేజీ మీద వాయించేవారికి నా సలహా, ట్రెమొలో చేతిని నిజంగా వాడనప్పుడు స్ప్రింగులు బిగించి బ్రిడ్జిని బాడీకి ఆనించేయండి. తేలే బ్రిడ్జి మీద మొదటి తీగ తెగితే మిగిలిన అయిదూ శ్రుతి తప్పుతాయి, పాట మధ్యలో చేయగలిగేది ఏమీ ఉండదు. ఆనించి ఉంటే అయిదు తీగలతో పాట పూర్తి చేసి దిగొచ్చు. బెండ్ చేసినప్పుడు పక్క తీగలు దిగిపోయే బెడదా ఉండదు.

ఇవన్నీ అయ్యాక ఇంటొనేషన్, అంటే మెడ పొడుగునా శ్రుతి సరిగ్గా ఉందా అని, చూడాలి. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్, అక్కడే నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకటిగా రావాలి. నొక్కిన స్వరం షార్ప్ అయితే బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి, ఫ్లాట్ అయితే ముందుకు.

## సముద్రం వైపు, కొండల వైపు

గోపాల్‌పూర్, ఛత్రపురం, ఇటు ఇచ్ఛాపురం వైపు ఉండేవారికి తీగల శత్రువు ఉప్పుగాలి. సాదా ఉక్కు తీగలకు పైన పలచటి తగరం పూత తప్ప రక్షణ లేదు. చెమట, ఉప్పు కలిస్తే ముందు తుప్పు పట్టేది అవే. తుప్పు చుక్క పడ్డ సన్న తీగ అక్కడే తెగుతుంది, ఎందుకంటే తరగడానికి అందులో లోహమే తక్కువ. తీగ మీద వేలు జార్చినప్పుడు గరుకుగా తగిలితే ఆ రోజు ప్రోగ్రాముకు ఆ తీగతో పోకండి.

కోటింగ్ ఉన్న సెట్లు ఈ గాలికి ఎక్కువ కాలం తట్టుకుంటాయి, ధర మాత్రం మామూలు సెట్ కంటే బాగా ఎక్కువ. వారానికోసారి చర్చిలో వాయించేవారికి అది గిట్టుబాటు అవుతుంది, ఎందుకంటే వాళ్ళ తీగలు వాడి అరగడం కన్నా ఊరికే ఉండి తుప్పుపట్టడం ఎక్కువ. రోజూ గంటలు గంటలు సాధన చేసి తీగలు అరగదీసేవారు మామూలు సెట్లే తరచుగా మార్చుకోవడం మేలు. రాయగడ, కోరాపుట్ వైపు తుప్పు బెడద కొంత తక్కువ. అక్కడ శీతాకాలం రాత్రి పందిళ్ళలో వేరే తంటా, చలికి ఉక్కు బిగిసి శ్రుతి పైకి పోతుంది. ఇది ఏ గేజ్‌కైనా ఒకటే. స్టేజీ ఎక్కి కాసేపు ఆ చలిలో ఉంచిన తర్వాతే చివరి శ్రుతి చేసుకోండి.

ఏ ఊరైనా, వాయించాక పొడి నూలుగుడ్డతో తీగలను పైనా కిందా తుడవడం కోటింగ్ కంటే చవక.

## మీరు ఎవరో చెబితే

పదిహేను పదహారేళ్ళ పిల్లవాడు, మొదటి ఎలక్ట్రిక్, స్ట్రాట్ రకం: 9-42. ఇంకేమీ ఆలోచించకండి. గిటార్ లెస్ పాల్ రకమైతే 10-46, అది వచ్చిందీ మామూలుగా దానితోనే.

చర్చిలో రిథమ్, అకూస్టిక్ నుంచి వచ్చిన చెయ్యి: 10-46. అప్పుడప్పుడు లీడ్ కూడా మీ మీద పడితే 9-46.

మెలొడీ ట్రూపులో లీడ్: మామూలు శ్రుతి అయితే 9-46, అర మెట్టు దించితే 10-46. మీ ట్రూపు ఏ శ్రుతిలో ఉంటుందో ముందు కీబోర్డు ఆయన్ని అడిగి తేల్చుకోండి. గాయనీ గాయకులు మారినప్పుడల్లా కీబోర్డులో ఒక బటన్ నొక్కి మార్చుకుంటారు, మీ గిటార్‌కు ఆ సుఖం లేదు.

హాస్టల్ మెటల్: డ్రాప్ డీ వరకు 9-46 లేదా 10-46. అంతకన్నా కిందికి దిగాలంటే సన్న తీగల మాట మరిచిపోయి 10-52 లాంటివి చూసుకోండి.

రాగాలు, గమకాలు: ముందు 9-42తో మొదలుపెట్టండి. మూడో తీగ మీద రెండు స్వరాల జారు వేలికి బరువనిపిస్తే 8-38.

వేళ్ళ కీళ్ళ నొప్పి: నట్ సరిచేయించి 9-42, అదీ కష్టమైతే 8-38. అర మెట్టు దించి ఒంటరిగా వాయించుకోవడం కూడా ఒక దారే.

ఒకసారి సెట్ నిర్ణయించుకున్నాక కొన్ని నెలలు దానితోనే ఉండండి. గేజ్ మారినప్పుడల్లా వేళ్ళు, మెడ, బ్రిడ్జి అన్నీ కొత్తగా సర్దుకోవాలి. వారానికొకటి ప్రయోగిస్తే ఏది నప్పిందో ఎప్పటికీ తెలియదు.

కొనేటప్పుడు రెండు సెట్లు ఒకేసారి తీసుకోండి, ఒకే కంపెనీవి. దుర్గాపూజ, వినాయక చవితి ముందు వారాల్లో స్టాక్ అయిపోతుంది, ఆన్‌లైన్ పార్సిల్ లోపలి ఊళ్ళకు ఆలస్యంగా వస్తుంది. స్టేజీ రోజునే కొత్త తీగలు వేయకుండా ముందు రోజు వేసి, చేత్తో మెల్లగా సాగదీసి, శ్రుతి నిలబడేదాకా మళ్ళీ మళ్ళీ సరిచేయండి. కవర్లో విడి తీగలుగా మొదటివి రెండు మూడు, రెండోది ఒకటి పెట్టుకోండి. మూడోది అరుదుగా తెగుతుంది, కానీ తెగిన రోజు విడిగా దొరకడం కష్టం కాబట్టి అదీ ఒకటి వేసుకోండి. వాటితోపాటు చిన్న కటింగ్ ప్లయర్ కూడా.